గంటస్తంభం దగ్గర బైండింగ్ షాపు: నా జెప్పెలిన్ పుస్తకం మళ్ళీ చేతికొచ్చింది

విజయనగరం గంటస్తంభం నుంచి నాలుగడుగులు వేస్తే సందు మొదట్లో చిన్న బైండింగ్ షాపు. బోర్డు లేదు. గుమ్మం పక్కన ఆఫీసు రిజిస్టర్ల కట్టలుంటాయి, అదే గుర్తు.

మాది ఆమదాలవలస దగ్గర పల్లె. పదిహేడేళ్ళు ఆర్మీలో చేశాను. సర్వీసులో ఉండగా పుణెలో పాత పుస్తకాల బండి మీద కౌంట్ జెప్పెలిన్ జీవితచరిత్ర కొన్నాను. ఆయన పేరు చెప్తే అందరికీ గ్యాస్ నింపి ఎగరేసే ఆకాశనౌకలే గుర్తొస్తాయి. నాకు మాత్రం ఆయన ముందు సైనికుడు. 1838లో కోన్‌స్టాన్జ్‌లో పుట్టిన జర్మన్ ప్రభువు, వుర్టెంబర్గ్ అనే జర్మన్ రాజ్యపు సైన్యంలో అధికారి. 1863లో అమెరికా అంతర్యుద్ధం చూడ్డానికి వెళ్ళి, అక్కడే మొదటిసారి బెలూన్ ఎక్కాడు. 1890 సైనిక విన్యాసాల్లో పైవాళ్ళు తప్పుపట్టడంతో 52 ఏళ్ళకి సైన్యం వదలాల్సొచ్చింది. 1900 జులై 2న, ఇంకో ఆరు రోజుల్లో 62 నిండుతాయనగా, బోడెన్ సరస్సు మీద 128 మీటర్ల నౌకని గాల్లోకి లేపాడు. నేను యూనిఫాం విప్పి ఇంటికొచ్చిన కొత్తలో ఆ అధ్యాయమే మళ్ళీమళ్ళీ చదివేవాణ్ణి. పక్కన పెన్సిల్‌తో రాసుకునేవాణ్ణి.

పుస్తకం ఫారాలు, అంటే మడిచి కుట్టిన కాగితాల కట్టలు, ఊడిపోతే వేరే ఊళ్ళో ఒకచోట ఇచ్చాను. జిగురు పూసి, అంచులు మిషన్లో కోసేశారు. నా రాతలు సగం పోయాయి. ఆ బాధతో ఆరేళ్ళు బీరువాలోనే ఉంచేశాను.

ఇక్కడి పెద్దాయన పుస్తకం తిరగేసి, "కోత వద్దు బాబూ, చేత్తో కుడతాను" అన్నారు. పాత జిగురుని తడిగుడ్డతో నానబెట్టి తీశారు. ఒక్కో ఫారం విడదీసి దారంతో కుట్టారు. మైదా జిగురు అక్కడే కాస్తారు, పురుగు పట్టకుండా కాస్త మైలుతుత్తం వేస్తారు.

పుస్తకంలోని మడత మ్యాపు మూడు ముక్కలైంది. "ఈ ఎర్రగీత ఏటి బాబూ?" అని అడిగారు. చెప్పాను. 1870 జులై, జర్మన్లకి ఫ్రాన్సుతో యుద్ధం అప్పుడే మొదలైంది. శత్రువు ఎక్కడున్నాడో చూసి రావడానికి జెప్పెలిన్ కొద్దిమందితో సరిహద్దు దాటాడు. షిర్లెన్‌హాఫ్‌లో ఒక సత్రం దగ్గర ఆగితే ఫ్రెంచి గుర్రపు దళం మీదపడింది. ఫ్రెంచివాళ్ళ గుర్రమే ఒకటి ఎక్కి ఆయనొక్కడే తప్పించుకుని, తెలుసుకున్న సమాచారం చేరవేశాడు.

పెద్దాయన చేతిలో సూది ఆగిపోయింది. "మరి మిగతావోళ్ళో?"

విన్‌స్లో అనే లెఫ్టినెంటు చనిపోయాడు, మిగిలినవాళ్ళు పట్టుబడ్డారు అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదాయన. తర్వాత ఆ మూడు ముక్కల్నీ గీతకి గీత కలిసేలా పేర్చి, వెనక పల్చటి మల్లు గుడ్డ అంటించారు. ఇప్పుడు మ్యాపు పాత మడతల్లోనే చక్కగా ముడుచుకుంటోంది.

350 రూపాయలు తీసుకున్నారు. మూడు రోజులన్నది పదకొండు రోజులైంది, తొందరున్నవాళ్ళు అది చూసుకోండి. మ్యాపులూ ఫోటోలూ ఉన్న పుస్తకమైతే ముందే విప్పి చూపించండి. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా భోజనానికి వెళ్తారు. ఆదివారం సెలవు.