దుబారా ఆపడమా, పన్ను పెంచడమా?

కేంద్రం అప్పు గురించి మాట్లాడితే అందరూ ఈ రెండు దారులే చెప్తారు. 2025-26 బడ్జెట్‌లో వచ్చే రూపాయిలో 24 పైసలు అప్పే, పోయే రూపాయిలో 20 పైసలు వడ్డీకే.

పన్ను పెంచితే డబ్బు వెంటనే వస్తుంది, నిజమే. 2020 మేలో పెట్రోల్ మీద లీటరుకి 10, డీజిల్ మీద 13 రూపాయలు ఎక్సైజ్ పన్ను పెంచారు, అప్పుడు ముడి చమురు రేటు బాగా పడిపోయి ఉంది, ఆ తగ్గింపు బంకులో మనదాకా రానే లేదు. కోటీశ్వరుడైనా ఆటో నడుపుకునే అన్నయ్యైనా లీటరుకి కట్టేది ఒకటే, నాకు కడుపు మండేది అక్కడే.

దుబారా ఆపడం నిదానం. మా ఊళ్లో కమ్యూనిటీ హాల్ కట్టి ఆరేళ్లయింది, ఒక్క పెళ్లి జరగలా, తాళం తుప్పుపట్టింది, వరండాలో వడ్ల బస్తాలేస్తున్నారు, పక్కనే బడిలో ఆడపిల్లల బాత్రూంకి తలుపు లేదు. ఇలాంటివి ఆపినా మొత్తం అప్పు తీరదు, వడ్డీ, జీతాలు, పెన్షన్లు ఎలాగూ ఆపలేరు, అడ్డగోలుగా కోత పెడితే ఉపాధి హామీ లాంటివాటి మీద పడుద్ది. అయినా ముందు ఇదే చెయ్యాలి, చాలకపోతే అప్పుడు పన్ను అడగండి, అదీ బాగా సంపాదించేవాళ్లని ముందు.