వీణని మూవర్స్‌కి ఇచ్చేవాళ్లకి హెచ్చరిక: బిల్లులో రాసిన ‘ఇన్సూరెన్స్ 3 శాతం’ ఇన్సూరెన్స్ కాదు

మే నెలలో వైజాగ్ నుంచి పుణెకి ఇల్లు మారాం. ఫ్రిజ్‌కి సొట్ట పడింది, ఒక బీరువా తలుపు వంగింది, వాటి గురించి పోస్టు పెట్టేదాన్ని కాదు. మా అమ్మాయి వీణ పగిలింది. దానికోసం కట్టిన డబ్బులన్నీ ఉత్తుత్తి పేర్లతో కట్టించుకున్నారని తర్వాత తెలిసింది. అందుకే రాస్తున్నా. వీణే అక్కర్లేదు, తంబురా, మృదంగం, వయొలిన్, హార్మోనియం, ఏది లారీ ఎక్కిస్తున్నా ఇది వర్తిస్తుంది.

అది బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో చెప్పి చేయించుకున్న ఏకాండి వీణ. కుండ (కింది గుండ్రటి డొల్ల భాగం), దండి (పొడుగాటి మెడ భాగం) అన్నీ ఒకే పనస దుంగలోంచి తొలిచి తీస్తారు, మధ్యలో అతుకు ఉండదు. అతుకు వీణకి దెబ్బ తగిలితే చాలాసార్లు అతుకు దగ్గర విడుతుంది, పనివాళ్లు మళ్లీ అతికిస్తారు. మా వీణకి దండి పొడుగునా నెర్రె విచ్చింది. ఇక మెట్ల సంగతి. వీణ మీద 24 మెట్లూ, అంటే తీగ నొక్కి స్వరం పలికించే లోహపు పట్టీలు, మైనంలో కూర్చుని ఉంటాయి, మేకులూ స్క్రూలూ ఏమీ ఉండవు. విప్పి చూస్తే పై స్థాయి మెట్లు ఒక పక్కకి ఒరిగిపోయి ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి, మైనం పక్కలకి పొంగింది, దాని మీద బబుల్ రాప్ బుడగలు గుండ్రంగా వరసలు వరసలుగా అచ్చుపడ్డాయి. అంటే ఎండకి మైనం మెత్తబడేంత వేడిలో, పైన ఏదో బరువు పెట్టి, గంటల తరబడి వదిలేశారన్నమాట. డ్రైవర్ మాత్రం ‘లోపలే ఏదో ప్రాబ్లం ఉండుంటుంది మేడమ్’ అన్నాడు.

కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు, కేసు నడుస్తోంది. పైగా ఇది ఒక్క కంపెనీ పద్ధతి కాదు, పుణెలో మా అపార్ట్‌మెంట్‌లోనే వేరే కంపెనీలతో వచ్చిన ఇద్దరి బిల్లులు చూశాను, అవే మాటలు.

బిల్లులో ‘ఇన్సూరెన్స్’ అని ఒక లైను ఉంటుంది, సామాను మొత్తం విలువ మీద 3 శాతం. మేం 4 లక్షలు రాశాం, అందులో వీణకి విడిగా 60 వేలు, మొత్తం 12 వేలు కట్టించుకున్నారు. క్లెయిమ్ చేద్దామని పాలసీ నంబర్ అడిగితే రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు. తర్వాత తేలిందేమిటంటే ఏ ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గరా పాలసీయే తీసుకోలేదు. అది వాళ్ల సొంత ‘రిస్క్ ఛార్జీ’ అట! ఎల్‌ఆర్ (లారీ రసీదు) వెనకాల చీమ తలకాయంత అక్షరాల్లో ‘ఓనర్స్ రిస్క్’ అని, అంటే పాడైతే నష్టం సామాను సొంతదారుదే అని అచ్చేసి ఉంది. 12 వేలు పుచ్చుకుని, పగిలినదానికి 2 వేలు ఇస్తామన్నారు. నాకు ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

నిజమైన ట్రాన్సిట్ ఇన్సూరెన్స్ అయితే ఇన్సూరెన్స్ కంపెనీ పేరు, పాలసీ నంబర్, మీ పేరు, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎంత విలువకి అన్నీ ఉన్న సర్టిఫికెట్ వస్తుంది. లోడింగ్‌కి ముందే వస్తుంది. ఆ నంబర్ పట్టుకుని ఇన్సూరెన్స్ కంపెనీకే ఫోన్ చేసి సరిచూసుకోండి. ఇంకోటి కూడా చూడండి. రోడ్డు రవాణా పాలసీల్లో ఏ, బీ, సీ అని మూడు క్లాజులు ఉంటాయి. సీ అయితే నిప్పు, పిడుగు వరకే. బీ అయితే వాటితోపాటు లారీ బోల్తా, గుద్దుకోవడం లాంటివి. వీణ లోపల నలిగి పగిలితే ఆ రెండూ పనికిరావు, మొదటిదైన ‘ఏ’ క్లాజే ఉండాలి. అది ఉన్నా ప్యాకింగ్ సరిగా లేదని తేలితే క్లెయిమ్ కొట్టేయొచ్చు, కాబట్టి ప్యాకింగ్ అయ్యేటప్పుడు ఫోటోలు, వీడియో తీసి పెట్టుకోండి.

ప్యాకింగ్‌లో కూడా ఇదే మోసం. చెక్క పెట్టె కట్టడానికి విడిగా డబ్బులు తీసుకుని, ‘ఇక్కడ వడ్రంగి లేడు, గోడౌన్‌లో కడతాం’ అన్నారు. పుణెలో దిగింది అట్టముక్కలూ బబుల్ రాపూ చుట్టిన మూట. పెట్టె మీ ఇంట్లో, మీ కళ్ల ముందు కట్టాలి, కట్టకపోతే డబ్బు ఇవ్వకండి. మాకే లారీ అని చెప్పి హైదరాబాద్‌లో వేరే లారీలోకి సామాను మార్చారు, ఆ మార్చడంలో ఏం జరిగిందో ఎవరికీ తెలీదు. వెహికల్ నంబర్, సామాను మధ్యలో మార్చకూడదన్న షరతు రెండూ కొటేషన్‌లోనే రాయించుకోండి, వాట్సాప్‌లో ‘ఓకే మేడమ్’ అంటే సరిపోదు. లిస్టులో కూడా వీణని ‘వుడెన్ ఐటమ్ 1’ అని రాస్తారు, ఒప్పుకోవద్దు. వీణ అని, ఏకాండి అని, విలువ ఇంత అని రాయమనండి.

విలువ రాయించడం ఎందుకంటే, 2007 నాటి క్యారేజ్ బై రోడ్ చట్టం, దాని కింద 2011లో వచ్చిన రూల్స్ ప్రకారం, ఎక్కువ విలువకి ముందుగా ఒప్పుకుని ఉంటే తప్ప, రవాణాదారు బాధ్యత మామూలుగా మీరు కట్టిన కిరాయికి పది రెట్ల వరకే, అదీ మీరు రాసిన విలువ దాటకుండా. అసలు విలువే రాయకపోతే వాళ్లకి పండగ. బుకింగ్ తేదీ నుంచి 180 రోజుల్లోపు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, అది దాటితే ఆ చట్టం కింద దావా నిలవదు. ‘సర్, మేడమ్, వచ్చే వారం సెటిల్ చేస్తాం’ అని నెలలు సాగదీసేది దీనికోసమేనని నా నమ్మకం. మేం లాయర్‌తో నోటీసు పంపాం, 1915 కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేశాం, తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేశాం. మీరు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే అక్కడ ఫీజు లేదు.

మాకు కొంచెమైనా పట్టు దొరికింది డెలివరీ కాగితం వల్ల. డ్రైవర్ ముందు సంతకం పెట్టండి, తర్వాత విప్పుకోండి అని ఒకటే గొడవ. మా వారు కదల్లేదు, వీణ మూట విప్పించి, ‘దండి పగిలింది, మెట్లు కదిలాయి’ అని ఆ కాగితం మీదే రాసి, దాన్ని ఫోటో తీసి, అప్పుడు సంతకం పెట్టారు. ఈ ఒక్క పని తప్పకుండా చెయ్యండి.

అసలు కుదిరితే వీణని లారీ ఎక్కించకండి, ఎండాకాలం అయితే అసలొద్దు. మూసేసిన లారీ డబ్బా మధ్యాహ్నం పెనంలా కాలుతుంది. రైల్లో ఏసీ బోగీలో బెర్తు మీద మీతోపాటు తెచ్చుకోండి, కచేరీలకి తిరిగేవాళ్లు ఎప్పటినుంచో అలాగే తెస్తున్నారు. బుర్ర (దండి కింద బిగించే విడి గుండ్రటి డొల్ల) విప్పి విడిగా పట్టుకోండి, మాది అలా తెచ్చాం కాబట్టే అదొక్కటీ చెక్కుచెదరలేదు. తీగలు కొద్దిగా వదులు చెయ్యండి, పూర్తిగా విప్పేస్తే గుర్రం (తీగలు ఆనే చెక్క వంతెన) జారిపోతుంది. తీగలు బిగించే బిరడాల దగ్గరా దండి చివర చెక్కిన యాళి ముఖం దగ్గరా మెత్తటి గుడ్డ కుక్కండి. మెట్ల మీద మాత్రం ఏదీ బిగించి కట్టకండి.

లోడింగ్ రేపో ఎల్లుండో ఉన్నవాళ్లు ఈ రాత్రే పాలసీ కాపీ పంపమని మెసేజ్ పెట్టండి. పొద్దున లారీ వచ్చేసరికి అది రాకపోతే మిగతా సామాను ఎక్కించండి, వీణని ఇంట్లోనే ఉంచండి.