బరువు తగ్గించే ఆపరేషన్‌ను ప్యాకేజీగా కొనబోయేవారికి ఒక హెచ్చరిక

ఇది బరువు తగ్గించే ఆపరేషన్‌కు వ్యతిరేకంగా రాస్తున్నది కాదు. పద్నాలుగు నెలల క్రితం హైదరాబాదులోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నేను స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ, అంటే జీర్ణాశయంలో ఎక్కువ భాగాన్ని కోసి తీసేసే ఆపరేషన్, చేయించుకున్నాను. అప్పుడు 97 కిలోలున్న నేను ఇప్పుడు 74 కిలోలున్నాను, మోకాళ్లు పట్టుకోకుండా బడి మెట్లు ఎక్కుతున్నాను, రక్తపోటు మాత్ర మోతాదు సగానికి తగ్గింది. అయినా ఆ ఆపరేషన్‌ను నాకు అమ్మిన పద్ధతి, అమ్మిన తరువాత నన్ను నా ఖర్మానికి వదిలేసిన పద్ధతి తెలియకుండా మరొకరు డబ్బు కట్టకూడదని ఇది రాస్తున్నాను. వినియోగదారుల కమిషన్‌లో నా ఫిర్యాదు విచారణలో ఉన్నందున ఆసుపత్రి పేరు ఇక్కడ చెప్పడం లేదు.

గుంటూరులో వారు పెట్టిన ఉచిత శిబిరంలో మొదట నన్ను కలిసింది డాక్టరు కాదు, మెడలో ఐడీ కార్డు వేసుకున్న ‘కౌన్సెలర్’. ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 97 కిలోలు అని రాసుకుని, బీఎంఐ (ఎత్తును బట్టి బరువు ఎంత ఉందో చెప్పే లెక్క) దాదాపు 39 అని చెప్పి, ‘మీకు స్లీవ్ సరిపోతుంది మేడమ్, బైపాస్ అంటే ఖర్చు ఎక్కువ’ అని అక్కడికక్కడే తేల్చేశారు. తరువాత హైదరాబాదులో సర్జన్ నన్ను చూసినది ఏడెనిమిది నిమిషాలు మాత్రమే, అప్పటికే ఫైలు మీద ‘స్లీవ్’ అని రాసి ఉంది. ఏ ఆపరేషన్ చేయాలన్నది ధరను బట్టి కాక రోగి శరీరాన్ని బట్టి నిర్ణయించవలసినదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

స్లీవ్‌లో జీర్ణాశయంలో నాలుగింట మూడు వంతులకు పైగా కోసి తీసేసి, మిగిలినదాన్ని అరటికాయంత సన్నని గొట్టంలా స్టేపుల్స్‌తో కుట్టేస్తారు. కోసి పారేసిన భాగం మళ్లీ రాదు కనుక ఇది వెనక్కు తీసుకోగలిగిన నిర్ణయం కాదు. బైపాస్‌లో పైన చిన్న సంచిలాంటి భాగాన్ని మిగిల్చి, దానిని నేరుగా చిన్న పేగుకు కలుపుతారు. స్లీవ్ తరువాత ఆ సన్నని గొట్టంలో ఒత్తిడి పెరిగి, ఆమ్లం పైకి తన్నుకొచ్చే జబ్బు కొందరిలో ముదురుతుంది. అందుకే ముందే పుల్ల తేన్పులు, ఛాతీలో మంట బాగా ఉన్నవారికి, హయాటస్ హెర్నియా (జీర్ణాశయం పై భాగం ఛాతీలోకి జారడం) ఉన్నవారికి ఎండోస్కోపీ చేసి, అంటే నోటి ద్వారా కెమెరా గొట్టం పంపి చూసి, చాలామంది సర్జన్లు బైపాస్ వైపు మొగ్గుతారు. నేను ఆరేళ్లుగా రెండు దిండ్లు ఎత్తుగా పెట్టుకుని పడుకునే మనిషిని. ఆ మాట కౌన్సెలర్‌తో చెప్పాను, సర్జన్‌తోనూ చెప్పాను. ఎండోస్కోపీ మాత్రం చేయలేదు, ఎందుకంటే అది ‘ప్యాకేజీలో లేదు’. ఈ ఒక్క వాక్యం విన్నప్పుడే నేను లేచి వచ్చేయవలసింది.

బీమా విషయంలో జరిగినది ఇంకా స్పష్టమైన మోసం, దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ‘బీఎంఐ 35 దాటితే పాలసీ ఇస్తుంది మేడమ్, క్యాష్‌లెస్ మేం చూసుకుంటాం’ అని బిల్లింగ్ కౌంటర్‌లో హామీ ఇచ్చారు. వైద్యపరంగా 35 అన్న అంకె సరైనదే. 2022లో అమెరికాలోని బేరియాట్రిక్ (బరువు తగ్గించే ఆపరేషన్ల) సర్జన్ల సంఘం, అలాంటి సర్జన్ల అంతర్జాతీయ సమాఖ్య కలిసి ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం బీఎంఐ 35 దాటినవారికి వేరే జబ్బు లేకపోయినా ఆపరేషన్ సిఫారసు చేయవచ్చు, ఆసియా వారికైతే 27.5 నుంచే ఆలోచించవచ్చు. బీమా కంపెనీ చూసేది ఆ మార్గదర్శకాలను కాదు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో ప్రామాణికం చేసిన మినహాయింపుల (బీమా వర్తించని వాటి) భాష ప్రకారం బీఎంఐ 40 లేదా అంతకంటే ఎక్కువ ఉండాలి. లేదా 35 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉండి, ఇతర పద్ధతుల్లో బరువు తగ్గించే ప్రయత్నాలు విఫలమై, దానితో పాటు స్థూలకాయం వల్ల వచ్చిన గుండె కండరాల జబ్బు, గుండె రక్తనాళాల జబ్బు, తీవ్రమైన స్లీప్ అప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం), అదుపులో లేని టైప్ 2 మధుమేహం, వీటిలో ఏదో ఒకటి ఉండాలి. నాకున్నవి రక్తపోటు, మోకాళ్ల నొప్పులు, సరిహద్దులో ఉన్న షుగర్. ఈ మూడింటిలో ఒక్కటీ ఆ జాబితాలో లేదు. గురక విపరీతంగా ఉన్నా స్లీప్ స్టడీ చేయించలేదు, కనుక దానికి కాగితం లేదు. తిరస్కరణ సందేశం వచ్చేసరికి నేను ఆపరేషన్ గౌను తొడుక్కుని స్ట్రెచర్ మీద ఉన్నాను. మా వారు ఆ అరగంటలో ఒక ఫైనాన్స్ కంపెనీ ఈఎంఐ కాగితాల మీద సంతకం చేశారు. అవి ఆసుపత్రి కౌంటర్‌లో ముందుగానే నింపి సిద్ధంగా ఉండటం ఆయన గమనించారు కానీ, ఆ క్షణంలో ఎవరు మాత్రం వాదిస్తారు? ముందస్తు అనుమతి బీమా కంపెనీ నుంచి రాతపూర్వకంగా మీ చేతికి అందేవరకు చేరవద్దు. అది వారం ఆలస్యమైనా, అత్యవసరం కాని ఈ ఆపరేషన్‌కు వచ్చిన నష్టమేమీ లేదు.

ప్రకటనలో 2,75,000 రూపాయలు. చివరి బిల్లు 4,60,000. తేడాలో పెద్ద భాగం స్టేపుల్స్ వేసే పరికరంలో పెట్టే స్టేప్లర్ కార్ట్రిడ్జ్‌లది, ఒక్కో ఆపరేషన్‌కు అవి అనేకం పడతాయి. ‘ప్యాకేజీ’ అన్న మాటలో అవి ఉన్నాయో లేవో నేను అడగలేదు. ఒకసారి వాడి పారేయవలసిన ఆ పరికరాల స్టికర్లను కేస్ షీట్‌లో అంటించవలసి ఉంటుందని కూడా అప్పుడు తెలియదు. బిల్లు వేసినవి ఆరు, నా కేస్ షీట్‌లో అంటించిన స్టికర్లు నాలుగు.

అంగీకార పత్రం మీద ముందు రోజు రాత్రి పదిన్నరకు నర్సు సంతకం చేయించారు. పూర్తిగా ఇంగ్లిషులో ఉన్న ఆ పత్రంలో ఆపరేషన్ పేరు రాసే చోటు అప్పటికి ఖాళీగా ఉంది. రోగికి ఆపరేషన్ స్వభావం, ప్రత్యామ్నాయాలు, ప్రమాదాలు తగినంతగా వివరించిన తరువాత తీసుకున్నదే అసలైన అంగీకారమని సమీరా కోహ్లీ కేసులో సుప్రీం కోర్టు 2008లోనే చెప్పింది. నేను అక్షరం ముక్క రానిదాన్నేమీ కాదు, ఇరవై ఏళ్లుగా పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. అయినా ఆ రాత్రి ఖాళీ గడిని చూస్తూనే సంతకం పెట్టాను.

ఆపరేషన్ బాగానే జరిగిందని ఇప్పటికీ నమ్ముతున్నాను. మూడవ రోజు డిశ్చార్జ్ చేసేముందు, ‘బిల్లులో పదిహేను వేలు తగ్గిస్తాం, ఒక చిన్న వీడియో ఇవ్వండి మేడమ్’ అన్నారు. ఆకుపచ్చ చీర కట్టుకుని, వారు చెప్పమన్నట్లే నవ్వుతూ నాలుగు మాటలు చెప్పాను.

ఇంటికి వచ్చాక మొదటి రెండు వారాలు దగ్గు మందుతో వచ్చే 30 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ కప్పే నా కంచం. పావుగంటకు ఒక కప్పు చొప్పున పప్పుకట్టు, మజ్జిగ తేట, వడకట్టిన చారు, ప్రొటీన్ పొడి కలిపిన నీళ్లు తాగేదాన్ని. మా అత్తయ్య ప్రతి కప్పుకూ గోడ మీది క్యాలెండర్ గడిలో పెన్సిల్‌తో ఒక గీత గీసేవారు. యాభై గీతలు పడితే లీటరున్నర తాగినట్లు లెక్క. ఆశ్చర్యం ఏమిటంటే ఆకలి వేయదు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అన్న హార్మోన్ ఎక్కువగా తయారయ్యే భాగాన్నే కోసి తీసేస్తారు. ఆ రెండు వారాలు నాకు ఏ ఇబ్బందీ లేదు.

మూడవ వారంలో మెత్తగా మెదిపిన ఇడ్లీ, గుడ్డు మొదలుపెట్టమన్నారు. పంతొమ్మిదవ రోజు నుంచి వాంతులు మొదలయ్యాయి. ముప్పయ్యవ రోజుకు నీళ్లు కూడా నిలవడం లేదు, విటమిన్ మాత్ర వేసుకున్న పది నిమిషాలకే బయటికి వచ్చేస్తోంది. క్యాలెండర్‌లో గీతలు యాభై నుంచి ఇరవైకి, ఆ తరువాత తొమ్మిదికి పడిపోయాయి. ‘జీవితాంతం సహాయం’ అని కరపత్రంలో రాసిన నంబరుకు పదకొండు సార్లు ఫోన్ చేశాను. డైటీషియన్ ఉద్యోగం మానేశారట, కొత్తవారు ఇంకా చేరలేదట. కోఆర్డినేటర్ ప్రతిసారీ, ‘అందరికీ ఇలాగే ఉంటుంది మేడమ్, మీరు తొందరగా తింటున్నారు’ అనే చెప్పారు. సర్జన్‌తో ఒక్కసారి కూడా మాట్లాడించలేదు.

తరువాత మేము చేసిన తప్పు మన ఊళ్లలో ఎవరైనా చేసేదే. నీరసంగా ఉంటే సెలైన్ పెట్టించుకోవడం మనకు అలవాటు. ముప్పయి ఎనిమిది, ముప్పయి తొమ్మిదవ రోజుల్లో కాలనీలోని క్లినిక్‌లో ‘బలానికి’ గ్లూకోజు సీసాలు ఎక్కించారు. నలభయ్యవ రోజు ఉదయం లేచేసరికి గోడ గడియారం రెండుగా కనిపించింది. నిలబడితే తాగినవాళ్లలా కాళ్లు తేలిపోతున్నాయి, కళ్లు వాటంతట అవే అదురుతున్నాయి. మా అబ్బాయిని తమ్ముడి పేరుతో పిలిచానట, అది నాకు గుర్తు లేదు.

ఆ సాయంత్రం గుంటూరులోనే ఒక ఫిజీషియన్ నా కళ్ల ముందు వేలు అటూ ఇటూ కదిపి చూసి, మావారి ఫోన్‌లోని క్యాలెండర్ ఫొటో చూసి, రక్త పరీక్ష ఫలితం వచ్చేదాకా కూడా ఆగకుండా నరానికి థయమిన్ ఇంజెక్షన్ ఇవ్వడం మొదలుపెట్టారు. థయమిన్ అంటే బీ1 విటమిన్. శరీరంలో దాని నిల్వ రెండు మూడు వారాలకు మించి ఉండదు. విడవకుండా వాంతులైతే అది అడుగంటిపోతుంది. గ్లూకోజును శరీరం వాడుకోవాలంటే థయమిన్ కావాలి కనుక, అది లేనివారికి ముందుగా గ్లూకోజు ఎక్కిస్తే మిగిలిన కాస్తా ఖర్చైపోయి మెదడు దెబ్బతినవచ్చు. ఈ పరిస్థితిని వెర్నికీ ఎన్‌సెఫలోపతి అంటారు, ఆలస్యమైతే జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోవచ్చు. ‘ముందు థయమిన్, తరువాత గ్లూకోజు’ అని ఆ డాక్టరు గారు ప్రిస్క్రిప్షన్ మీద పెద్ద అక్షరాలతో రాసి ఇచ్చారు. ఆ కాగితాన్ని లామినేట్ చేయించి పర్సులో పెట్టుకున్నాను. మూడవ రోజుకు గడియారం ఒక్కటిగా కనిపించింది. అరికాళ్ల మంటలు మాత్రం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

అసలు కారణం మరొక ఆసుపత్రిలో ఎండోస్కోపీ చేస్తే బయటపడింది. గొట్టం మధ్యలో, వంపు తిరిగే చోట ఇరుకైపోయింది. బెలూన్‌తో మూడు విడతలుగా వెడల్పు చేశారు. ఇది స్లీవ్‌లో తెలిసిన ఇబ్బందే, ఎంత మంచి సర్జన్ చేతిలోనైనా రావచ్చు, అందుకు నేను ఎవరినీ తప్పు పట్టడం లేదు. మూడు వారాల వాంతులను ఫోన్‌లోనే కొట్టిపారేయడం మాత్రం సర్దుకుపోవలసిన విషయం కాదు. డిశ్చార్జ్ కాగితంలో ఏ లక్షణం వస్తే వెంటనే రావాలో ఒక్క వాక్యం లేదు. నాడి నిమిషానికి 120 దాటడం, జ్వరం, ఎడమ భుజంలో నొప్పి, ఆయాసం కనిపిస్తే కుట్టు దగ్గర లీకేజీ అయ్యుండవచ్చని, అది గంటల్లో తేల్చుకోవలసిన విషయమని రెండవ ఆసుపత్రివారు చెబితేనే తెలిసింది.

అందువల్ల డబ్బు కట్టేముందు ధర కంటే ముందు అడగవలసినది ఆ తరువాతి ఏడాది గురించి. అర్ధరాత్రి వాంతులైతే ఫోన్ ఎత్తేది ఎవరు, సర్జన్ స్వయంగా ఎన్నిసార్లు చూస్తారు, మూడు, ఆరు, పన్నెండు నెలలకు చేయవలసిన రక్త పరీక్షలు ప్యాకేజీలో ఉన్నాయా అని అడిగి, జవాబులు కాగితం మీద రాయించుకోండి. రోజుకు కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు, జీవితాంతం విటమిన్లు, ఐరన్, కాల్షియం తీసుకోవలసి ఉంటుందని, నాలుగైదు నెలల వద్ద జుట్టు కుచ్చులుగా ఊడవచ్చని, ఏడాది, ఏడాదిన్నర దాకా గర్భం దాల్చకూడదని ముందే చెప్పని చోట అసలు ఏమి చెబుతున్నట్లు? పెళ్లి సంబంధాల కోసం ఆడపిల్లలకు ఈ ఆపరేషన్ చేయించాలని చూస్తున్న తల్లిదండ్రులు ఈ చివరి సంగతిని ముఖ్యంగా గమనించాలి.

ఇప్పటికే నాలా ఇరుక్కున్నవారికి ఒక మాట. కేస్ షీట్ అడుగుతూ రాతపూర్వకంగా దరఖాస్తు ఇస్తే 72 గంటల్లో ప్రతులు ఇవ్వాలని వైద్య మండలి 2002 నిబంధనల్లో ఉంది. నాకు వారు నెల తిప్పి, ఆ నిబంధన సంఖ్య రాసి రిజిస్టర్ పోస్టు పంపాక ఇచ్చారు. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీం కోర్టు 1995లో తేల్చింది, ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. బీమా తిరస్కరణ విషయం వేరే దారి, దానికి బీమా ఫిర్యాదులు వినే అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఈఎంఐ మాత్రం ఆపకండి, ఫైనాన్స్ కంపెనీకి మన గొడవతో సంబంధం ఉండదు, క్రెడిట్ స్కోరు దెబ్బతినేది మనదే. నా ఫిర్యాదుకు జత చేసిన కాగితాల్లో మా అత్తయ్య గీసిన క్యాలెండర్ పేజీలు రెండూ ఉన్నాయి.

ఆ వీడియో ఇంకా వారి పేజీలో నడుస్తోంది. తీసేయమని రెండుసార్లు రాశాను, జవాబు లేదు. ఆకుపచ్చ చీర కట్టుకున్న ఒకావిడ ‘నాకు ఏ నొప్పీ లేదు, అందరూ ధైర్యంగా రండి’ అని నవ్వుతూ చెప్పడం మీకు ఎక్కడైనా కనిపిస్తే, అది ఆపరేషన్ జరిగిన మూడవ రోజున, పదిహేను వేల తగ్గింపు కోసం చెప్పిన మాట అని దయచేసి గమనించండి.