భూతద్దమా, పక్కచూపు శిక్షణా?

కంటి లోపలి తెర (రెటీనా) నడిమి భాగమైన మాక్యులా దెబ్బతింటే చూపు మొత్తం పోదు. నడిమధ్యన మచ్చ పడుతుంది, అంచులు మిగులుతాయి. భూతద్దం కొన్న రోజే పనికొస్తుంది: మందుల స్ట్రిప్పు మీద తేదీ, కరెంటు బిల్లు అంకెలు చూసుకోవచ్చు. పవర్ పెరిగేకొద్దీ మాత్రం ఒకేసారి కనిపించే అక్షరాలు తగ్గుతాయి, చెయ్యి వణికితే అవీ చెదిరిపోతాయి.

పక్కచూపు శిక్షణకు, అంటే మిగిలిన అంచులతో చూడటం నేర్చుకోవడానికి, వారాల ఓపిక కావాలి. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో దీనికి పునరావాస విభాగమే ఉంది. గోడగడియారం మధ్యలోకి కాకుండా 12 వైపో, 3 వైపో చూస్తూ, ఎటు చూస్తే మధ్యభాగం తేటపడుతుందో పట్టుకోవాలి. తర్వాత కన్ను అలాగే నిలిపి, కాగితాన్నే ఎడమకు జరుపుతూ చదవాలి. నాకైతే ముందు ఇదే నయమనిపిస్తుంది. "ఇదేం దొంగచూపురా" అని మొదట్లో విసుక్కున్న మా అమ్మ, ఇప్పుడు గుమ్మంలో నిలబడ్డవాళ్ల మొహం గుర్తుపట్టేది దాంతోనే. ఆ పని భూతద్దం వల్ల కాదు.