కేఎంఆర్ పాలపొడి: జబ్బుపడ్డ పిల్లికూన దగ్గర డబ్బా చేసే పని, చేయలేని పని

పెట్‌ఏజీ కంపెనీ కేఎంఆర్ పాలపొడి మంచి సరుకే. తల్లి లేని కూన ఆరోగ్యంగా ఉంటే డబ్బా మీద రాసినట్టు కలిపి పడితే చాలు, పెరుగుతుంది. జబ్బు చేసిన కూన సంగతి వేరు. ముక్కు చీమిడితో మూసుకుపోయి, కళ్లు పుసులతో అతుక్కుపోయి, చేతిలోకి తీసుకుంటే చల్లగా తగిలే కూనకు అవే పాలు అదే కొలతలో పట్టినా ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం తీయగలవు. ఈ సమీక్ష ఆ రెండో రకం కూనను ఒళ్లో పెట్టుకుని డబ్బా మూత తీస్తున్నవాళ్ల కోసం.

ముందు డబ్బాలో ఏముందో చూద్దాం. పొడిలో మాంసకృత్తులు కనీసం 42 శాతం, కొవ్వు కనీసం 25 శాతం. టారిన్ అనే పోషకం కూడా కలుపుతారు. పిల్లి ఒంట్లో టారిన్ చాలినంత తయారవదు, కొరత పడితే చూపు, గుండె రెండూ దెబ్బతింటాయి. ఆవుపాలలో మాంసకృత్తులు 3.3 శాతం చుట్టుపక్కల ఉంటాయి, తల్లిపిల్లి పాలలో దానికి రెట్టింపు. ప్యాకెట్ పాలు కూనకు అరగవని నీళ్లు కలిపి పట్టడం మన ఇళ్లలో అలవాటు. దాంతో ఉన్న కాస్త బలం కూడా సగమవుతుంది, లాక్టోజ్ అనే పాలచక్కెర వల్ల వచ్చే విరేచనాలు మాత్రం ఆగవు. పసిపిల్లల పాలపొడి కూడా ఇక్కడ పనికిరాదు, అందులో మాంసకృత్తులు ఇంకా తక్కువ.

కొనేటప్పుడు డబ్బా మీద పేరు చూసుకోండి. ఇదే కంపెనీది ఎస్బిలాక్ అని ఇంకో పాలపొడి ఉంది, అది కుక్కపిల్లలది: మాంసకృత్తులు 33, కొవ్వు 40 శాతం. ఎక్కువ కొవ్వు జబ్బుగా ఉన్న కూన పేగులకు తగదు. దుకాణంలో రెండూ ఒకటేనంటే వినకండి. మన దగ్గర కేఎంఆర్ దిగుమతి సరుకు, అడిగిన రోజున దొరుకుతుందన్న భరోసా లేదు. దొరికినా గడువు తేదీ చూడకుండా తీసుకోవద్దు.

ఇక కలపడం. కొలత బరువుతో కాదు, పరిమాణంతో: ఒక వంతు పొడికి రెండు వంతులు గోరువెచ్చని నీళ్లు. 5 మిల్లీలీటర్ల చెంచాతో గీటుగా ఒక చెంచా పొడి తీసుకుంటే నీళ్లు 10 మిల్లీలీటర్లు. చెంచాను గోపురంలా నింపితే పాలు చిక్కబడి మలబద్ధకం వస్తుంది. ఈ పొడికి ఉన్న అసలు లోపం ఉండలు కట్టడం. మరిగే నీళ్లు పోస్తే మరీ ఎక్కువ ఉండలవుతాయి. కాసిని నీళ్లతో ముద్దలా నూరి, మిగతా నీళ్లు తర్వాత పోసి, టీ వడపోసే జల్లెడలో వడకట్టడం మేలు. సీసాలో పోసి గిలక్కొట్టడం చాలామంది చేసే పని. అలా చేస్తే నురుగు వస్తుంది, ఆ గాలంతా కూన కడుపులోకి పోయి పొట్ట డోలులా ఉబ్బుతుంది. ఫోర్కుతో నెమ్మదిగా కలిపి, పది నిమిషాలు పక్కన పెట్టి, నురుగు దిగాక వాడండి.

కలిపిన పాలు ఫ్రిజ్‌లో 24 గంటలు, అంతే. ఏ పూటకాపూట కావలసినంత చిన్న గిన్నెలోకి తీసి, ఆ గిన్నెను వేడినీళ్లలో పెట్టి వెచ్చబెట్టాలి. మైక్రోవేవ్ వద్దు, ఒకచోట చల్లగా ఒకచోట కాలిపోయేలా ఉంటాయి. సిరంజి ముంచిన గిన్నెలో మిగిలినవి పారబోయాల్సిందే. తెరిచిన డబ్బా ఫ్రిజ్‌లో మూడు నెలలు, ఫ్రీజర్‌లో ఆరు నెలలు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో బయట పెడితే ఈ లెక్కలేవీ నిలవవు. పొడి పసుపు రంగుకి తిరిగి, పాత నూనె వాసన కొడితే పారేయండి.

ఇంతవరకూ డబ్బా గురించి. కూన చల్లగా ఉంటే అసలు డబ్బా మూతే తీయకూడదు. ఒంటి వేడి 95 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే తగ్గితే పేగులు కదలడం మానేస్తాయి. అప్పుడు పోసిన పాలు కడుపులోనే పులుస్తాయి, పైకి తన్నుకొచ్చి ఊపిరితిత్తుల్లో పడతాయి. మొన మెత్తగా వంగే డిజిటల్ థర్మామీటర్‌కు వాజలీన్ రాసి మలద్వారంలో మెల్లగా పెట్టి చూడాలి. మొదటి వారంలో 95 నుంచి 98, రెండు మూడు వారాల్లో 97 నుంచి 100, నాలుగో వారం నుంచి 99 నుంచి 101 దాకా మామూలు. మనుషుల థర్మామీటర్లు చాలావరకు 90 కిందికి చదవవు, తెర మీద ‘లో’ అని పడుతుంది. అలా పడితే అదే జవాబు: ముందు వెచ్చదనం.

వేడినీళ్ల సీసాను తువ్వాలులో చుట్టి కూన పక్కన పెట్టాలి, కింద కాదు. పెట్టెలో సగం వెచ్చగా, సగం మామూలుగా ఉంటే తనంతట తాను జరుగుతుంది. కదలలేనంత నీరసంగా ఉన్న కూన జరగలేదు, కాలిపోతుంది, అందుకే పావుగంటకోసారి చెయ్యి పెట్టి చూడాలి. గంట నుంచి మూడు గంటల్లో మెల్లగా వేడెక్కాలి. తొందరపడి హెయిర్ డ్రయ్యర్ పట్టడం ప్రమాదం. ఈలోగా రక్తంలో చక్కెర పడిపోకుండా, 100 మిల్లీలీటర్ల నీళ్లలో 5 గ్రాముల గ్లూకోజ్ పొడి కలిపి, వేలితో చిగుళ్లకు రాయవచ్చు. మింగించడానికి ప్రయత్నించకండి. చర్మం పట్టి వదిలితే మెల్లగా దిగడం, చిగుళ్లు జిగటగా ఉండడం ఒంట్లో నీళ్లు తగ్గాయని చెప్పే గుర్తులు. అవి కనిపిస్తే చర్మం కింద సెలైన్ ఎక్కించాల్సింది పశువైద్యులే.

ఒళ్లు వెచ్చబడ్డాక ముక్కు. పిల్లుల జలుబు వెనక ఎక్కువగా ఉండేవి హెర్పిస్ వైరస్, కాలిసీ వైరస్. వాటి మీద బ్యాక్టీరియా చేరితే చీమిడి పచ్చగా చిక్కబడుతుంది. ముక్కు మూసుకుపోయిన కూన చీకలేదు, చీకుతూ ఊపిరి తీసుకోవడం దాని వల్ల కాదు. పైగా పిల్లికి వాసన తగలకపోతే ఆకలి ఉండదు. పాలు తాగడం లేదని డబ్బాను తిట్టుకునేవాళ్లలో ఎక్కువమంది విషయంలో తప్పు పాలది కాదు, ముక్కుది. పాలు పట్టే ముందు మామూలు సెలైన్‌తో 10 నిమిషాలు నెబులైజర్ పెట్టండి. మాస్కు మొహానికి అదమక్కర్లేదు. కూనను గాలాడే చిన్న పెట్టెలో ఉంచి ఆవిరిని లోపలికి వదిలితే చాలు. నెబులైజర్ లేకపోతే వేడినీళ్ల ఆవిరి నింపిన బాత్రూమ్‌లో అంతసేపే. ఆ నీళ్లలో విక్స్, అమృతాంజనం, కర్పూరం వేయకూడదు, మనకు హాయినిచ్చే ఆ ఘాటు పిల్లులకు విషం. తర్వాత తడి దూదితో ముక్కు తుడవాలి. కంటికి కొత్త దూది ముక్క తీసుకుని లోపలి మూల నుంచి బయటికి తుడవాలి. కంటి మందులో స్టెరాయిడ్ ఉండకూడదు, హెర్పిస్ ఉన్న కంట్లో స్టెరాయిడ్ పుండును పెంచుతుంది. కన్ను ఇంకా తెరుచుకోని కూనకు రెప్ప ఉబ్బితే లోపల చీము పట్టి ఉంటుంది. అది ఆ రోజే డాక్టరు చూడాల్సిన పని.

ఇప్పుడు పాలు. డబ్బా మీద లెక్క ప్రతి 115 గ్రాముల బరువుకి రోజుకి 30 మిల్లీలీటర్లు. 230 గ్రాముల కూనకు రోజుకి 60. కడుపు పట్టేది వంద గ్రాములకు సుమారు 4 మిల్లీలీటర్లు, అంటే దీనికి ఒక పూటకు 9 దాటితే పొంగుతుంది. జబ్బు కూనకు ఆ హద్దు దాకా వెళ్లొద్దు: రెండు గంటలకోసారి 5 మిల్లీలీటర్లు, పన్నెండు పూటలు, లెక్క సరిపోతుంది. మొదటి రోజు సగం నీళ్లుగా కలిపి, విరేచనం కాకపోతే మర్నాటికి పూర్తి చిక్కదనానికి తేవాలి. అంతకంటే ఎక్కువ రోజులు పలుచన పాలతో నెట్టుకురావడం కూనను పస్తుంచడమే.

పాలసీసా ఇప్పుడు వద్దు. పెంపుడు జంతువుల దుకాణాల్లో దొరికే సీసా పీకలకు చాలావాటికి కన్నం ఉండదు, మనమే చేయాలి. తలకిందులు చేస్తే ఒక్కో చుక్క మెల్లగా రాలాలి, ధారగా కారకూడదు. అదంతా చీకగలిగిన కూనకు. ముక్కు పట్టిన కూనకు సూది లేని 1 మిల్లీలీటరు సిరంజి. కూన బోర్లా, తల్లి దగ్గర తాగే భంగిమలో ఉండాలి, మనిషి పాపలా వెల్లకిలా ఎత్తుకుంటే పాలు నేరుగా గాలిగొట్టంలోకి పోతాయి. నోటి పక్క నుంచి నాలుక మీద రెండు మూడు చుక్కలు వేయండి, మింగాక మళ్లీ రెండు మూడు. కూన తల పైకెత్తి పట్టకండి.

సిరంజి గురించి ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. నాలుగైదు సార్లు కడిగేసరికి పిస్టన్ రబ్బరు బిగుసుకుంటుంది. గట్టిగా నొక్కితే ఒక్కసారిగా వదిలి అర మిల్లీలీటరు గొంతులోకి చిమ్ముతుంది. చేతికి తడబాటు తెలియగానే పారేసి కొత్తది తీయండి. మెడికల్ షాపులో కారు చవక, పొదుపు చూపాల్సిన చోటు ఇది కాదు.

ముక్కులోంచి పాలు బుడగలుగా వచ్చినా, పట్టాక దగ్గినా, ఊపిరిలో చిటపటలు వినిపించినా ఆపేసి తల కిందికి వంచి తుడవాలి, ఆ రోజే డాక్టరుకు చూపించాలి. అసలు మింగలేని కూనకు 5 నంబరు ఇన్‌ఫాంట్ ఫీడింగ్ ట్యూబుతో నేరుగా కడుపులోకి పోస్తారు. ట్యూబు మెడికల్ షాపులో దొరుకుతుంది కదా అని వీడియో చూసి మొదలుపెట్టవద్దు. దారి తప్పి ఊపిరితిత్తిలోకి వెళ్తే రెండో అవకాశం ఉండదు. డాక్టరు దగ్గర చేయించుకుంటూ నేర్చుకోవాలి.

మందులకూ ఈ పాలకూ చిన్న పేచీ ఉంది. పిల్లుల జలుబుకు తరచు రాసే డాక్సీసైక్లిన్‌ను పాలలో కలపకూడదు, పాలలోని కాల్షియం దాన్ని పట్టేసుకుంటుంది. మందు విడిగా ఇచ్చి, వెంటనే కాసిని నీళ్లు మింగించాలి. మాత్ర ముక్క అన్నవాహికలో ఇరుక్కుంటే అక్కడ పుండుపడి గొట్టం ముడుచుకుపోతుంది. అమాక్సిసిలిన్, క్లావులనేట్ కలిసిన సిరప్ రాస్తే, నీళ్లు కలిపాక ఫ్రిజ్‌లో ఉంచి వారంలో ముగించాలి. ఆ మందుకు విరేచనాలు సాధారణం, అప్పుడు పాలపొడి మార్చడం దండగ. మోతాదు గ్రాముల లెక్కన డాక్టరు చెప్పేదే. జ్వరం ఉంది కదా అని పారాసిటమాల్ చుక్కలు వేస్తే మాత్రం ఏ డాక్టరూ వెనక్కి తేలేకపోవచ్చు.

పాలు ఒంటికి పడుతున్నాయో లేదో చెప్పేది ఒక గ్రాము తేడా చూపించే వంటింటి కాటా. రోజూ రెండుసార్లు, అదే వేళకు, పాలకు ముందు తూచి రాసుకోండి. ఆరోగ్యంగా ఉన్న కూన రోజుకి 10 నుంచి 15 గ్రాములు పెరుగుతుంది. జబ్బులో బరువు నిలబడినా సంతోషమే. 24 గంటల్లో తగ్గితే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి. ఇక మలం: మూడు నాలుగు వారాల లోపు కూనకు ప్రతిసారీ పాల తర్వాత తడి దూదితో కింద రాస్తేనే విసర్జిస్తుంది. ఈ పాల మీద మలం లేత గోధుమ లేదా పసుపు రంగులో టూత్‌పేస్టులా రావాలి. పసుపుగా నీళ్లలా వస్తే ఎక్కువ పట్టారని అర్థం, ఒక రోజు పరిమాణం తగ్గించండి. అది వేరు, నెత్తుటి చారలతో కుళ్లు వాసన కొట్టే నీళ్ల విరేచనాలు వేరు. వాటికి వాంతులు, పడిపోయిన ఒంటి వేడి తోడైతే పాన్‌ల్యూకోపీనియా అని అనుమానించాలి. అది పిల్లులకొచ్చే పార్వో వైరస్ జబ్బు. తెల్లకణాలు అడుగంటుతాయి, రక్తపరీక్షలో తెలుస్తుంది. అప్పుడు ఇంట్లో పాల పని ఆపేసి ఆసుపత్రికి. ఆ వైరస్ మామూలు సబ్బుకు చావదు. నేలకు బ్లీచ్ ఒక వంతుకు 32 వంతుల నీళ్లు కలిపి పది నిమిషాలు ఉంచాలి. ఫినాయిల్ పోయకండి, అది పిల్లికి విషం.

ఈ డబ్బా ఇవ్వలేనిది ఇంకోటుంది: రోగనిరోధకాలు. తల్లి ముర్రుపాలలోని యాంటీబాడీలను కూన పేగులు పుట్టిన మొదటి పదహారు గంటల చుట్టుపక్కలే పీల్చుకోగలవు. అవి తాగిందో లేదో తెలియని కూనను వేరే పిల్లులకు దూరంగా, వేరే గుడ్డలతో, వేరే గిన్నెలతో ఉంచాలి. కోలుకున్నాక ఆరో వారం నుంచి టీకాలు.

పోటీ సరుకులో చెప్పుకోదగ్గది రాయల్ కెనిన్ బేబీక్యాట్ మిల్క్. 300 గ్రాములు, లోపల మూడు 100 గ్రాముల సాచెట్లు, సీసా, పీకలు కలిపి వస్తాయి. ఉండలు తక్కువ కడుతుంది, విడి సాచెట్ల వల్ల మన తేమలో పొడి పాడవదు. ఒక్క కూన ఉంటే అదే హాయి. ఒకేసారి నాలుగైదు కూనలను పెంచేవాళ్లకు, కొలతలు సొంతంగా సర్దుకోవడం తెలిసినవాళ్లకు కేఎంఆర్ మేలు. పాలపొడిని మాత్రం మధ్యలో మార్చాల్సి వస్తే ఒక రోజు సగం సగం కలిపి మార్చండి.

నాలుగు వారాలు దాటి ముక్కు తెరుచుకున్న కూనకు పాలను పలుచటి జావలా వాడుకోవచ్చు: ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించి మెత్తగా రుబ్బిన కోడి మాంసంలో కలిపిన కేఎంఆర్ పోసి, వాసన లేచేలా వెచ్చగా చేసి, వేలితో నోటి దగ్గర పెట్టండి. నాకితే సిరంజి పక్కన పెట్టవచ్చు, కాటా మాత్రం ఇంకో రెండు వారాలు వాడుతూనే ఉండాలి.