విక్కా, యోధ ధర్మం: పెదవాల్తేరు క్లాసులో శనివారం సూపరు, ఆదివారం బేరం

ముందే చెప్పేస్తా, నేను విక్కా పాటించేవాణ్ణి కాదు. ఎప్పుడో కరాటే నేర్చుకున్నవాణ్ణి, ‘యోధుడు’ అన్న మాట చూసి వెళ్లాను. పెదవాల్తేరులో ఒక డాబా మీద శని, ఆదివారాలు క్లాసు, ఫీజు 2,500, భోజనం అందులోనే (పులిహోర బాగుంది, సాంబారు నీళ్లు).

విక్కా అంటే తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఇంగ్లండులో మంత్రవిద్య మీద ఉన్న పాత చట్టం 1951లో రద్దయ్యింది, ఆ తర్వాత 1954లో జెరాల్డ్ గార్డ్‌నర్ అనే ఆయన పుస్తకం రాసి జనానికి పరిచయం చేసిన మతం ఇది. దేవిని, దేవుణ్ణి ఇద్దరినీ కొలుస్తారు, ఏడాదికి ఎనిమిది పండగలు. నీతి దాదాపు ఒక్క వాక్యమే: ఎవరికీ హాని కలగనంతవరకు నీ ఇష్టం.

నర్సీపట్నం నుంచి వచ్చిన రిటైర్డ్ మాస్టారు ఒకాయన అక్కడే పట్టుకున్నారు. “హాని చెయ్యకూడదంటారు, మళ్లీ యోధుడంటారు, యుద్ధం ఎవరితోనమ్మా?” అని. టీచర్ తడబడలేదు. విక్కాలో అథామే అని నల్లపిడి కత్తి ఉంటుందట, రెండువైపులా అంచు, కానీ దాంతో ఏమీ కొయ్యరు, మూలికలు కోయడానికి తెల్లపిడి కత్తి వేరే ఉంటుంది. దీక్ష తీసుకునేవాణ్ణి పూజకోసం నేలమీద గీసిన వలయం అంచున ఆపి, కత్తిమొన గుండెకి ఆనించి, భయపడుతూ లోపలికి రావడం కన్నా ఈ కత్తి మీద పడటం మేలు అని హెచ్చరిస్తారట. “కత్తి ముందుగా తిరిగేది మనవైపే కదండీ మాస్టారూ” అన్నారావిడ.

దానికి మాస్టారు అల్లూరి కథ ఎత్తుకున్నారు. 1922 ఆగస్టులో చింతపల్లి స్టేషను మీద పడ్డప్పుడు ఏమేం ఆయుధాలు తీసుకెళ్తున్నాడో స్టేషను పుస్తకంలోనే రాసి సంతకం పెట్టి మరీ వెళ్లాడు కదా, చాటుగా దెబ్బతియ్యడం యోధుడి పని కాదు అన్నారు. నాకు ఫీజు అక్కడే గిట్టుబాటయ్యింది, ఎందుకంటే మంత్రం అనేదే చాటుగా చేసే పని, ఎదుటివాడికి తెలియకుండా వాడి మీద ఏదో చేసేసి దాన్ని ధర్మయుద్ధం అంటే ఎలా ఒప్పుకుంటాం? దీని మీదే చాలాసేపు వాదన నడిచింది. జబ్బు తగ్గాలని చేసే మంత్రానికి కూడా ఆ మనిషిని అడగాలని విక్కన్లలో చాలామంది అంటారని టీచర్ చెప్పారు, ఇది మాత్రం నాకు కొత్త.

నచ్చనివి చాలానే ఉన్నాయి. సమురాయ్‌ల (పాతకాలపు జపాన్ యోధుల) ఏడు సుగుణాల చార్టు గోడకి తగిలించి వేల ఏళ్ల నాటిదన్నారు. సమురాయ్‌లే వేల ఏళ్ల నాటివాళ్లు కారు! బుషిదో అని మనం వినే ఆ సమురాయ్‌ల ధర్మం చాలావరకు నిటోబే ఇనాజో అనే జపాన్ రచయిత 1900లో ఇంగ్లీషులో అచ్చువేసిన పుస్తకం చలవే, అప్పటికి జపాన్‌లో నడుముకి కత్తి కట్టుకుని తిరగడాన్ని నిషేధించి (1876) పాతికేళ్లు కావస్తోంది. మా కరాటే క్లాసులోనూ ఇదే చార్టు, ఇదే కథ.

ఆదివారం తెన్నేటి పార్కు కింద బీచ్‌లో వలయం గీయడం. గాలికి కొవ్వొత్తి ఒక్కటీ నిలవలేదు. తూర్పున గాలిని, దక్షిణాన నిప్పుని, పడమర నీటిని, ఉత్తరాన భూమిని పిలవాలట. మనకేమో సముద్రం తూర్పున, పడమరకి తిరిగితే కొండ. అడిగితే, మార్చుకునేవాళ్లున్నారు, కానీ ఎందుకు మార్చావో చెప్పగలగాలి అన్నారు. మంచి జవాబే.

ఆ తర్వాత మొదలైంది బేరం. ‘రక్షణ కిట్’ 3,000, శత్రువుని కట్టడి చేసే ప్రత్యేక సెషన్‌కి ఇంకో 1,500. నిన్న కత్తి మనవైపు తిరగాలన్నవాళ్లే ఇవాళ ఆఫీసులో ప్రమోషన్ ఎత్తుకుపోయినవాణ్ణి శత్రువంటున్నారు, పైగా వాడికి తెలియకుండానే కట్టడి చేస్తారట. మాస్టారు ఏమీ అనకుండా చెప్పులేసుకుని వెళ్లిపోయారు.

నా అసలు కోపం ఇంకొకటి. మన ఏజెన్సీలో చిల్లంగి (చేతబడి) పెట్టారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు పేపర్లో చూస్తూనే ఉన్నాం. వైజాగ్‌లో కూర్చుని మంత్రం, ధైర్యం, ధర్మం అని నేర్పేవాళ్లు, ఊరంతా ఒక ముసలామె మీద పడినప్పుడు అడ్డంగా ఎలా నిలబడాలో, పోలీసులకి ఎలా చెప్పాలో ఒక్క అరగంటైనా మాట్లాడొద్దా? శత్రువు కనపడకుండా దెబ్బతీస్తున్నాడన్న భయాన్ని డబ్బుకి అమ్మితే, ఆ ఊరివాళ్ల అనుమానానికీ దీనికీ తేడా ఏముంది? ఇదే అడిగాను. టైమ్ అయిపోయింది సార్, వాట్సాప్‌లో పెట్టండి అన్నారు. పెట్టాను, బ్లూ టిక్ వచ్చింది, అంతే.

శనివారానికి నాలుగు స్టార్లు, ఆదివారానికి ఒకటి. మళ్లీ పెడితే ఒక్కరోజు పాస్ 1,500కి ఇస్తున్నారు, శనివారానికి తీసుకోండి. కిట్ జోలికి పోవద్దు, అందులో ఉన్న ఉప్పు, దారం, కొవ్వొత్తులు పూర్ణామార్కెట్లో రెండొందలకి వస్తాయి. డాబా మీద నీడ తక్కువ, టోపీ పట్టుకెళ్లండి, బండి పెట్టుకోడానికి చోటు లేదు, ఆటోలో వెళ్లడమే నయం.