ఓరియో పద్ధతితో రెండేళ్లు: అభిప్రాయ రచనలో పనికొచ్చినవి, మేం మార్చుకున్నవి

నోటితో అయితే మా అమ్మాయి లాయరే. రాత్రి ఇంకో అరగంట ఎందుకు మేలుకోవాలో గుక్క తిప్పుకోకుండా నాలుగు కారణాలు చెబుతుంది. కాగితం మీద పెట్టమంటే మాత్రం "నాకు కుక్క కావాలి. ఎందుకంటే నాకు కుక్కలంటే ఇష్టం." అక్కడితో పెన్సిల్ ఆగిపోయేది. అప్పుడు తనకి 8 ఏళ్లు, ఇప్పుడు 10.

అప్పుడు ఓరియో పద్ధతి పట్టుకున్నాం. ఏ అభిప్రాయం రాసినా ఇదే వరుస: ఒపీనియన్ (అభిప్రాయం), రీజన్ (కారణం), ఎగ్జాంపుల్ (ఉదాహరణ), మళ్లీ ఒపీనియన్. ఈ ఇంగ్లిష్ మాటల మొదటి అక్షరాలు కలిపితే ఓరియో. ఖాళీ కాగితం చూస్తే కలిగే భయం మొదటి నెలలోనే పోయింది. ఆ పుణ్యం దీనిదే.

చిక్కంతా కారణాల దగ్గర. మూడు రాయమంటే ఒక్కదానికే మూడు చొక్కాలు తొడిగేది: "కుక్క ముద్దుగా ఉంటుంది, బాగుంటుంది, చూడాలనిపిస్తుంది." దీనికి పద్ధతిలో మందు లేదు. అందుకని మేమే ఒక నియమం పెట్టుకున్నాం. ఎవరికి రాస్తున్నావో పైన రాయాలి, వాళ్లు కాదనగలిగినవాళ్లై ఉండాలి. వాళ్ల నాన్న పేరు రాశాక "ముద్దుగా ఉంటుంది" తనే కొట్టేసింది, "నాన్నకి అదేం పట్టదు" అంటూ. దాని బదులు "రోజూ నడవమని డాక్టర్ చెప్పారుగా, కుక్క ఉంటే నీకు తప్పదు" అని రాసింది. రెండేళ్లలో తను రాసిన వాటన్నిటిలోకీ మంచి కారణం అదే. (కుక్క మాత్రం రాలేదు.)

తెలుగులో రాసేటప్పుడు ఇంకో తంటా. అభిప్రాయం ముందు, కారణం తర్వాత అనేసరికి ప్రతి వాక్యం "ఎందుకంటే"తో మొదలై, "ఎందుకంటే నాకు తోడు లేదు కాబట్టి" అని గాల్లో వేలాడుతుంది. మనం మాట్లాడేటప్పుడు కారణం చెప్పి, "కాబట్టి" అని అసలు సంగతికొస్తాం. తెలుగుకి ఆ వరుసే ఉంచేశాను, వాక్యాలు కుదురుకున్నాయి.

చివరి ఒపీనియన్ నాకు నచ్చలేదు. పిల్లలు మొదటి వాక్యాన్నే దించేస్తారు. "అయితే ఇప్పుడు ఏం చేయాలంటావు?" అని అడిగి, ఆ జవాబు రాయిస్తున్నాను.

నా తప్పూ ఒకటుంది. మొదట్లో ఎర్ర పెన్నుతో అక్షరదోషాలు దిద్దాను. రెండు వారాలు నోట్‌బుక్ దాచేసింది. ఇప్పుడు వారానికి రెండుసార్లు, పావుగంట, అందులో పది నిమిషాలు మాటలే.

రాయడం మొదలుపెట్టలేక ఆగిపోయే పిల్లలకి నిస్సంకోచంగా వాడొచ్చు. ఏడాది దాటాక కాస్త వదులు చేయండి. అమెరికాలో 2010లో వచ్చిన కామన్ కోర్ ప్రమాణాల్లో (ఏ తరగతికి ఏం రావాలో చెప్పే జాబితా) 5వ తరగతి వరకే అభిప్రాయ రచన, 6 నుంచి వాదన. ఎదుటివాళ్ల మాటని లెక్కలోకి తీసుకోవడం 7లో వస్తుంది. మా అమ్మాయి పోయిన వారం నాకు రాసిన కాగితం "నువ్వు వద్దంటావని తెలుసమ్మా" అని మొదలైంది. ఆ వాక్యానికి ఓరియోలో అక్షరం లేదు.